అందమైన స్కాన్‌లో కనబడని రాయి

నేపథ్యం

కోస్తాలో ఎండలు ముదిరాయంటే స్కానింగ్ సెంటర్లకు కిడ్నీ రాళ్ల కేసులు వరస కడతాయి. ఒంట్లో నీరంతా చెమటగా పోతుంది, తాగేది తక్కువ, మూత్రం చిక్కబడుతుంది. ఈ కేసులో రోగి లారీ డ్రైవరు, వయసు ముప్పై దాటింది. భారీ మనిషి, బీఎంఐ 30 పైనే. మాటిమాటికీ బండి ఆపాల్సి వస్తుందని దారిలో నీళ్లు తాగడు. ఆయన్ని ఎవరూ గుర్తుపట్టకుండా ఒకటి రెండు వివరాలు మార్చాను. వైద్యానికి సంబంధించినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాశాను.

కుడి నడుము పక్క నొప్పి వస్తే ఒక సెంటర్‌లో అల్ట్రాసౌండ్ స్కాన్ తీయించుకున్నాడు. కుడి కిడ్నీ కింది కేలిక్స్‌లో, అంటే మూత్రం చేరే చిన్న గిన్నెలాంటి గదిలో, 7 మి.మీ. రాయి ఉంది, కిడ్నీలో వాపు లేదు అని రిపోర్టు ఇచ్చారు. మందులతో పాటు ఇంట్లోవాళ్లు కొండపిండి ఆకు కూడా మొదలుపెట్టారు. ఓ రోజు పప్పులో వేసి, ఓ రోజు కషాయం కాచి ఇచ్చారు. కొన్ని వారాల తర్వాత కొత్త మెషిన్ ఉన్న మరో సెంటర్‌కు వెళితే రెండు కిడ్నీలూ నార్మల్, రాళ్లు లేవు అన్నారు. ఇంకేముంది, రాయి కరిగిపోయిందని ఇంట్లో సంబరపడ్డారు. నొప్పి మాత్రం మళ్లీ వచ్చింది. మూత్ర పరీక్షలో (సీయూఈ) ఎర్ర రక్తకణాలు కనబడ్డాయి. యూరాలజిస్టు రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూసి, అల్ట్రాసౌండ్ స్కాన్లు చేసే నా దగ్గరకు పంపారు.

"సార్, ఇదేమో మసకమసగ్గా ఉంది, రాయి ఉందంటున్నారు. ఇదేమో ఫోటో తీసినట్టుంది, లేదంటున్నారు. కొత్త మిషన్‌దే కరెక్టు కదండీ?" అని అడిగాడు. పక్కనే ఉన్న ఆయన భార్య, "ఆకు పనిచేసిందా లేదా అది చెప్పండి డాక్టర్ గారూ" అంది.

ఆకు సంగతి ఒక్క కేసుతో తేలేది కాదు. యూరిక్ యాసిడ్ రాళ్లయితే మూత్రం ఆమ్లత్వం తగ్గించే మందులతో కరుగుతాయి. ఎక్కువగా కనబడే కాల్షియం ఆక్సలేట్ రాళ్లు అలా కరగవు. ఆమెకు అంతవరకే చెప్పాను. ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం ఈ కేసంత పొడుగుంది.

అసలు తేల్చాల్సింది

రెండు రిపోర్టుల మధ్య తేడాకు మూడు కారణాలుండొచ్చు. మొదటివాళ్లు రాయి కానిదాన్ని రాయి అనుకుని ఉండొచ్చు. కిడ్నీ మధ్యలో ఉండే కొవ్వు స్కాన్‌లో తెల్లగానే కనబడుతుంది. చిన్న రక్తనాళం గోడలో కాల్షియం పేరుకున్నా అలాగే మెరుస్తుంది. లేదా రాయి నిజంగానే ఉండి ఈలోగా జారి ఉండొచ్చు. అది మూత్రంలో పడిపోయినా పోవచ్చు, యురేటర్‌లో (కిడ్నీ నుంచి మూత్రాన్ని బ్లాడర్‌కు తెచ్చే గొట్టంలో) ఎక్కడైనా ఇరుక్కునైనా ఉండొచ్చు. లేదా రాయి ఎక్కడికీ పోలేదు, రెండో స్కాన్‌లో కనబడలేదంతే.

భయపడాల్సింది యురేటర్‌లో ఇరుక్కున్న రాయికే. నొప్పి లేకపోయినా వారాల తరబడి అక్కడే అడ్డం పడితే కిడ్నీ దెబ్బతింటుంది. కాబట్టి బ్లాడర్ నిండాక ముందు యురేటర్ చివరలు, రెండు వైపుల నుంచీ పడే మూత్రం జెట్లు, కిడ్నీలో వాపు చూశాను. వాపు లేదు. జెట్లు రెండు వైపులా బాగానే పడుతున్నాయి. ఆ టెన్షన్ తగ్గాక కింది కేలిక్స్ దగ్గరికొచ్చాను.

రోగి తెచ్చిన ప్రింట్లలో బొమ్మ పక్కన సన్న అక్షరాల వరస ఒకటి ఉంటుంది. దాన్ని చాలామంది చదవరు. మొదటి ప్రింట్‌లో 3.5 మెగాహెర్ట్జ్ తప్ప చెప్పుకోదగ్గ సెట్టింగులేమీ లేవు. పాత మెషిన్, మామూలు బీ-మోడ్ (నలుపు తెలుపు బొమ్మ). రెండో దాంట్లో కాంపౌండింగ్ (ఒకే చోటును అనేక కోణాల నుంచి చూసి కలిపే పద్ధతి) ఆన్, నునుపు చేసే ఫిల్టర్ పై మెట్టులో, ఫ్రీక్వెన్సీ దగ్గర పెనిట్రేషన్ మోడ్ గుర్తు. లావు మనిషి కాబట్టి శబ్దం లోతుకు వెళ్లాలని హార్మోనిక్ (పంపిన శబ్దానికి రెట్టింపు ఫ్రీక్వెన్సీని వినే పద్ధతి) తీసేసి ఆ మోడ్ పెట్టారు. దాన్ని తప్పనలేం, అలా పెట్టడం మామూలే. కానీ ఈ వరస చూశాక రోగి అడిగిన ప్రశ్న మారిపోయింది. ఇది రెండు మెషిన్ల పోటీ కాదు. ఒకే కిడ్నీని రెండు పద్ధతుల్లో చూశారు, అంతే.

అలాంటప్పుడు రెండు మెషిన్లనూ పక్కపక్కన పెట్టి పోల్చినా లాభం లేదు. పెట్టాలన్నా కుదరదు. గర్భంలోని బిడ్డ లింగ నిర్ధారణను అడ్డుకునే 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం కింద ప్రతి అల్ట్రాసౌండ్ మెషిన్‌ నమోదూ ఫలానా సెంటర్ పేరు మీద ఉంటుంది. చూడాల్సింది మగమనిషి కిడ్నీ అయినా సరే, పక్క సెంటర్ మెషిన్‌ను ఓ పూటకు తెచ్చుకోవడం కుదిరే పని కాదు. పైగా రెండు మెషిన్ల మధ్య ప్రోబ్ నుంచి స్క్రీన్ దాకా అన్నీ వేరే. తేడా కనబడినా దేనివల్ల వచ్చిందో తెలియదు. అందుకే మా మెషిన్ మీదే, ఒకే ప్రోబ్‌తో, ఒకే కోణంలో, ఒక్కో సెట్టింగు మాత్రమే మారుస్తూ చూద్దామనుకున్నాను.

పనిచేయనివి

మా అబ్డామెన్ ప్రీసెట్‌లో (పొట్ట స్కాన్‌కు ముందే అమర్చి పెట్టిన సెట్టింగుల్లో) కాంపౌండింగ్, ఫిల్టర్, హార్మోనిక్ మూడూ ఆన్‌లోనే వస్తాయి. రోగిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఊపిరి బిగబట్టమని, లివర్ మీదుగా చూశాను. కిడ్నీ అంచులు గీసినట్టున్నాయి. కార్టెక్స్ (కిడ్నీ బయటి పొర) ఎక్కడా గరుకు లేకుండా సాఫీగా ఉంది. సుమారు 10 సెం.మీ. లోతులో, కింది కేలిక్స్ దగ్గర ఒక తెల్లటి మెరుపు ఉంది. చుట్టూ ఉన్న కొవ్వు కూడా తెలుపే. మెరుపు వెనక షాడో (రాయి శబ్దాన్ని ఆపేస్తే దాని వెనక పడే నల్లటి నీడ) ఉందంటే ఉన్నట్టుంది, లేదంటే లేనట్టుంది. దీన్ని రాయి అని రాయలేను, కాదనీ రాయలేను.

గెయిన్ (బొమ్మ వెలుగు) పెంచి చూశాను. మెరుపు పెద్దదైంది, దాని వెనక ఉన్న కాస్త నలుపు కూడా నిండిపోయింది. ఇలాంటప్పుడు అందరి చెయ్యీ ముందు గెయిన్ నాబ్ మీదకే పోతుంది, కానీ రాళ్ల విషయంలో అది తిప్పాల్సింది రెండో వైపుకు. తర్వాత ఫ్రీక్వెన్సీ పెంచాను. ఫ్రీక్వెన్సీ పెరిగితే కిరణం సన్నబడుతుంది, చిన్న రాయి కూడా షాడో వేస్తుందన్నది ఆలోచన. కానీ ఒంట్లో శబ్దం ప్రతి సెంటీమీటరుకూ, ప్రతి మెగాహెర్ట్జ్‌కూ దాదాపు అర డెసిబెల్ చొప్పున తగ్గిపోతుంది. 5 మెగాహెర్ట్జ్‌తో 10 సెం.మీ. పోయి తిరిగి రావాలంటే 50 డెసిబెల్స్ నష్టం. 3.5 అయితే 35. ఈయన పొట్ట గోడ దాటేసరికే సిగ్నల్ నీరసించి, కిడ్నీ వెనక భాగమంతా చీకటైపోయింది. అంతా చీకటిగా ఉంటే షాడో ఎక్కడని వెతుకుతాం?

పనిచేసినవి

ముందు ఫిల్టర్ తీసేశాను. స్పెకిల్ (బొమ్మంతా పరుచుకునే చుక్కచుక్కల) గరుకు మళ్లీ వచ్చింది, మెరుపు అంచు కాస్త తేలింది, షాడో మాత్రం లేదు. తర్వాత కాంపౌండింగ్ ఆపేశాను. ఆపిన మరుక్షణమే మెరుపు కింద నిలువుగా ఒక నల్లటి చార పడింది. స్క్రీన్ చూస్తున్న మా టెక్నీషియన్ "ఉంది సార్" అన్నాడు. మిగతా బొమ్మంతా అప్పటిదాకా ఉన్నదానికంటే ఓ మెట్టు దిగిపోయింది. కార్టెక్స్ గరుకెక్కింది, కిడ్నీ పక్క అంచులు చెదిరాయి.

ఎందుకిలా అవుతుందంటే, మామూలు బీ-మోడ్ కిరణాలను ప్రోబ్ నుంచి ఒకే దిశలో పంపుతుంది. స్పేషియల్ కాంపౌండింగ్ అదే చోటును కుడికీ ఎడమకూ వాల్చిన అనేక కోణాల నుంచి చూసి, వచ్చిన బొమ్మలను సగటు తీస్తుంది. ఫిలిప్స్ దీన్ని సోనోసీటీ అంటుంది, జీఈ క్రాస్‌ఎక్స్‌బీమ్ అంటుంది. స్పెకిల్ ఒక్కో కోణానికి ఒక్కోలా ఉంటుంది కాబట్టి సగటులో సద్దుమణుగుతుంది. ఏటవాలు అంచులకు ఏదో ఒక కోణం ఎదురుగా తగులుతుంది కాబట్టి అవి బాగా తేలతాయి. షాడో కూడా ఒక్కో కోణానికి ఒక్కో వైపు పడుతుంది, చిక్కంతా అక్కడే. పెళ్లి పందిట్లో నాలుగు మూలలా లైట్లు పెడితే మనిషి నీడ నేల మీద సరిగా పడదు కదా, అలాగన్నమాట.

రాయి ఎంత చిన్నదైతే ఈ నష్టం అంత ఎక్కువ. కిరణాలు రెండు వైపులకూ 15 డిగ్రీల చొప్పున వాలుతున్నాయనుకుందాం. అన్ని కోణాల షాడోలూ కలిసే చోటు రాయి కింద ఒక త్రికోణం మాత్రమే. 5 మి.మీ. రాయికి ఆ త్రికోణం లోతు సుమారు 9 మి.మీ. వస్తుంది. ఆ తర్వాత నలుపు పలచబడిపోతుంది. అదే 20 మి.మీ. గాల్‌బ్లాడర్ రాయి అయితే త్రికోణం 37 మి.మీ. దాకా పోతుంది, కాంపౌండింగ్ ఉన్నా ఎవరికైనా కనబడుతుంది. కర్వ్‌డ్ ప్రోబ్‌లో కోణాలు మెషిన్‌ను బట్టి మారతాయి గనక ఇవే అంకెలు పట్టుకోనక్కర్లేదు. కానీ పెద్ద రాళ్లు చూసిన అలవాటుతో మా మెషిన్‌లో షాడో బాగానే పడుతుందని నమ్మితే, 5 మి.మీ. దగ్గర ఆ నమ్మకం వమ్మవుతుంది. అందులోనూ కింద ఉన్న ఆ 9 మి.మీ.లో సగం తెల్లటి కొవ్వే.

కాంపౌండింగ్ ఆపి ఉంచే హార్మోనిక్ తీసి చూశాను. చార ఉంది, కానీ నలుపు కాస్తా బూడిద రంగుకు దిగింది. మళ్లీ పెట్టగానే చిక్కబడింది. లావు మనుషుల్లో హార్మోనిక్ విలువ ఇక్కడే తెలుస్తుంది. మెషిన్ ఒళ్లంతా శబ్దం సెకనుకు 1540 మీటర్ల వేగంతో పోతుందని లెక్క వేసుకుంటుంది. కొవ్వులో ఆ వేగం 1450 దగ్గర ఉంటుంది. దాంతో పొట్ట గోడలోనే కిరణం చెదిరి, పొరల మధ్య అటూ ఇటూ కొట్టుకున్న ప్రతిధ్వనులు లోపలి బొమ్మ మీద మసకలా పరుచుకుంటాయి. షాడోను నింపేది ఆ మసకే. హార్మోనిక్‌లో మెషిన్ పంపిన ఫ్రీక్వెన్సీని కాక, దానికి రెట్టింపు ఉన్నదాన్ని వింటుంది. ఆ రెట్టింపు శబ్దం ప్రోబ్‌లో పుట్టదు. కిరణం బలంగా ఉన్న నడిమధ్యలో, ఒంట్లోకి వెళుతున్న కొద్దీ పుడుతుంది. పొట్ట గోడ దగ్గర అది ఇంకా పుట్టీపుట్టనట్టే ఉంటుంది కాబట్టి అక్కడి చెత్త తక్కువగా వస్తుంది. ఇంకా లోతుగా ఉన్న కిడ్నీ అయితే రెట్టింపు ఫ్రీక్వెన్సీ తిరిగి రాలేక హార్మోనిక్ చేతులెత్తేస్తుంది. ఆ సెంటర్ వాళ్లు పెనిట్రేషన్ మోడ్‌కు పోవడం వెనక ఉన్న భయం అదే. ఈయన కిడ్నీ ఆ హద్దు దాటలేదు.

ఫోకస్ సరిగ్గా రాయి లోతుకు తెచ్చాక చార అంచులు కూడా తీరాయి. అప్పుడు కలర్ డాప్లర్ (కదిలే రక్తాన్ని రంగుల్లో చూపించే పద్ధతి) పెట్టాను. గరుకు రాళ్ల వెనక కలర్ పెడితే ఎరుపు, నీలం కలగలిసి మిణుకుమిణుకుమంటూ తోకలా దిగుతాయి. 1996లో వర్ణించిన ట్వింక్లింగ్ ఆర్టిఫ్యాక్ట్ (ఆర్టిఫ్యాక్ట్ అంటే ఒంట్లో లేకుండా స్కాన్ వల్ల బొమ్మలో పుట్టే గుర్తు) ఇదే. రాయి మీది పగుళ్లలో ఉండే అతి సన్నని బుడగలు దీనికి కారణమని తర్వాతి పరిశోధనలు బలంగా సూచించాయి. నేను పీఆర్‌ఎఫ్ (సెకనుకు ఎన్నిసార్లు శబ్దం పంపాలన్న సెట్టింగు) పెంచుతూ పోయాను. కిడ్నీ రక్తనాళాల రంగు తగ్గిపోయింది, కింది కేలిక్స్ దగ్గర మిణుకు మాత్రం అలాగే ఉంది. అక్కడ స్పెక్ట్రల్ డాప్లర్ (ప్రవాహ వేగాన్ని గ్రాఫ్‌గా గీసేది) పెడితే రక్త ప్రవాహం అల రాలేదు, నిలువు గీతల గోల వచ్చింది. ట్వింక్లింగ్ ఒక్కదాన్నీ నమ్మి రాయి అని రాయడం నాకిష్టం ఉండదు, రాయి లేనిచోట కూడా అది వస్తుంది. మెరుపు, షాడో, మిణుకు మూడూ ఒకే చోట పడ్డాయి కాబట్టి ఈసారి ధైర్యంగా రాశాను.

సైజు దగ్గర కూడా తేడా బయటపడింది. తెల్లటి మెరుపు అడ్డంగా కొలిస్తే మాకూ 7 మి.మీ. వచ్చింది, మొదటి సెంటర్‌లాగే. షాడో వెడల్పు కొలిస్తే 5. కిరణానికి వెడల్పు ఉంటుంది కాబట్టి చిన్న రాయి మెరుపు పక్కలకు పాకి కనబడుతుంది. షాడో వెడల్పు అసలు సైజుకు దగ్గరగా ఉంటుందని పరిశోధనల్లో తేలింది. కాంపౌండింగ్ ఉంచితే కొలవడానికి ఆ షాడో కూడా ఉండదు. 5 మి.మీ. రాయి జారితే దానంతటదే పడిపోయే అవకాశం బాగా ఉంటుంది, 7 అయితే అంత ఉండదు. రెండు మిల్లీమీటర్లే కదా అని వదిలేసే తేడా కాదు.

సీటీ అవసరమా?

యూరాలజిస్టుతో కాసేపు చర్చ నడిచింది. 2014లో అమెరికాలో 15 ఎమర్జెన్సీ విభాగాల్లో 2,759 మంది మీద చేసిన అధ్యయనం వచ్చింది. రాయి అనుమానం ఉన్నవాళ్లకు అల్ట్రాసౌండ్‌తో మొదలుపెట్టినా తీవ్రమైన జబ్బులు చూపు తప్పిపోవడం పెరగలేదని అది చూపించింది. నేనూ ఆ దారిలోనే నడుస్తాను. ఇక్కడ మాత్రం రెండు రిపోర్టులు ఎదురెదురుగా ఉన్నాయి, నొప్పి ఎందుకొస్తోందో తేలలేదు, యురేటర్ మధ్యభాగం స్కాన్‌లో పేగుల గాలి వెనక ఉండిపోయింది. సీటీ తీయించాలనే ఇద్దరం నిర్ణయించుకున్నాం. తక్కువ డోస్ సీటీ మీద ఆశపడ్డాను గానీ, బీఎంఐ 30 దాటినవాళ్లలో అది అంత నమ్మకంగా పనిచేయదు. మామూలు డోస్‌తోనే తీశారు.

కుడి కింది కేలిక్స్‌లో 5 మి.మీ. రాయి ఉంది. యురేటర్లు రెండూ ఖాళీ.

కదలకుండా, అడ్డు పడకుండా కూర్చున్న ఆ రాయికి మూత్రంలో రక్తకణాలను అంటగట్టొచ్చు. నొప్పి మొత్తాన్నీ దాని నెత్తిన వేయడానికి యూరాలజిస్టు ఒప్పుకోలేదు. రోజంతా లారీ సీటులో కూర్చునే మనిషి నడుము అది. నీళ్లు బాగా తాగమని, నడుముకు ఫిజియోథెరపీ చేయించుకోమని, ఆరు నెలలకు మళ్లీ స్కాన్ తీయించుకోమని చెప్పి పంపారు.

ఈ కేసు తర్వాత చేసినవి

భద్రపరిచిన బొమ్మలను సెట్టింగుల వరస కనబడకుండా చేసి, తోటి డాక్టర్లకు చూపించాను. వీటిలో ఏది మంచి ఇమేజ్ అని అడిగితే కాంపౌండింగ్, ఫిల్టర్ ఉన్నదానికే ఓట్లు పడ్డాయి. రాయి ఉందా, ఉంటే వేలు పెట్టి చూపించండి అని అడిగితే వేళ్లన్నీ గరుకు బొమ్మ మీదకు వెళ్లాయి. ఒకే మనిషి, అవే బొమ్మలు, ప్రశ్న మార్చగానే ర్యాంకులు తారుమారయ్యాయి.

కంపెనీ సర్వీస్ ఇంజినీరు ఫాంటమ్ (మెషిన్‌ను పరీక్షించే నకిలీ కణజాలపు దిమ్మ) తెచ్చినప్పుడు దాని మీదా పోల్చి చూశాం. అందులోని సిస్టుల (నీటి బుడగల్లాంటి నల్లటి గుండ్రాల) దగ్గర సీఎన్ఆర్ (కాంట్రాస్ట్ టు నాయిస్ రేషియో) కొలిచాం. లోపలి, బయటి సగటు వెలుగుల తేడాను స్పెకిల్ హెచ్చుతగ్గులతో భాగిస్తే వచ్చే కొలత అది. కాంపౌండింగ్ నిస్సందేహంగా గెలిచింది. గెలవడానికే పుట్టిన పద్ధతి అది. పూర్తిగా ఏర్పడిన స్పెకిల్‌లో వెలుగు సగటుకూ దాని హెచ్చుతగ్గులకూ (విచలనానికీ) ఉన్న నిష్పత్తి 1.91 దగ్గర ఆగిపోతుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని 9 కోణాలను సగటు తీస్తే ఆ నిష్పత్తి గరిష్ఠంగా మూడు రెట్లవుతుంది. నిజంలో కోణాల మధ్య పోలిక ఉంటుంది కాబట్టి అంత రాదు. ఇంకో తిరకాసు ఏమిటంటే, డైనమిక్ రేంజ్ (నలుపు తెలుపుల మధ్య ఎన్ని మెట్లు చూపించాలన్నది) నాబ్ తిప్పితే చాలు, కొత్త సమాచారం ఏమీ లేకుండానే సీఎన్ఆర్ మారిపోతుంది. అందుకే ఈ మధ్య జనరలైజ్డ్ సీఎన్ఆర్ వాడుతున్నారు. లోపలి, బయటి వెలుగుల పంపిణీలు ఎంతమేర ఒకదాని మీద ఒకటి పడుతున్నాయో చూసే కొలత కాబట్టి నాబులకు అంత తేలిగ్గా మోసపోదు. అయినా అది కూడా సిస్టు కనబడుతుందా అని అడుగుతుంది తప్ప, రాయి వెనక నీడ మిగిలిందా అని అడగదు. మెషిన్ కొనేటప్పుడు డెమోలో చూపించే థైరాయిడ్ బొమ్మదీ అదే కథ.

ఇలాగని కాంపౌండింగ్ ఎక్కడా వద్దనను. థైరాయిడ్‌లో, కండరాలు, స్నాయువుల స్కాన్‌లో అది లేకుండా నేను పని చేయను. బ్రెస్ట్ స్కాన్‌లో గడ్డ అంచులు దానితోనే చూస్తాను. తర్వాత ఓసారి ఆపి, గడ్డ వెనక షాడో ఉందా, వెలుగు పెరిగిందా అన్నది చూస్తాను. ఊపిరితిత్తుల స్కాన్‌లో రోగ నిర్ధారణే ఆర్టిఫ్యాక్ట్‌ల మీద నడుస్తుంది కాబట్టి మొదటి నుంచీ తీసేసే ఉంచాలి.

మా దగ్గర ఇప్పుడు రాళ్లకు విడిగా ఒక ప్రీసెట్ ఉంది. అందులో హార్మోనిక్ ఆన్, కాంపౌండింగ్ ఆఫ్, ఫిల్టర్ కింది మెట్టు, డైనమిక్ రేంజ్ మామూలుకంటే తక్కువ, ఒకే ఫోకస్. నొప్పితో వచ్చినవాళ్లకు ముందు మామూలు ప్రీసెట్‌లో కిడ్నీ మొత్తం చూసి, తర్వాత దీనికి మారుస్తాం. రిపోర్టులో రాయి లేదని రాస్తే, ఏ మోడ్‌లో చూశామో పక్కనే ఒక వాక్యం ఉంటుంది. రేపు ఇంకో సెంటర్‌లో ఇంకో డాక్టరు పోల్చుకోవడానికి అది లేకపోతే ఆధారమే ఉండదు.

ఈ మధ్య సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వేశాక ఆ ప్రీసెట్‌లో కాంపౌండింగ్ దానంతటదే మళ్లీ ఆన్‌లోకి వచ్చి కూర్చుంది. మా టెక్నీషియన్ స్క్రీన్ పక్కన వరస చదివి పట్టుకున్నాడు. అప్పటి నుంచి సర్వీస్‌కు ఎవరు వచ్చి వెళ్లినా, మొదటి రోగిని బల్ల మీద పడుకోబెట్టే ముందు ఆ వరస ఒకసారి చదవడం అతని డ్యూటీలో చేర్చాం.